మైకులో చెప్పని మాట

ఏడేళ్లుగా ఈ మాట దాచుకున్నాను. మా పాస్టరుగారికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది చాట్రాయి దగ్గర పల్లె. నాకో మామిడి తోట ఉంది. ఫోనుకు ప్రభుత్వం నుంచి గాలివాన, పిడుగుల హెచ్చరిక రాగానే చర్చి మైకులో ఊరందరికీ చెప్పడం నా బాధ్యత. చెట్ల కింద ఉండొద్దు, ఇళ్లకు వెళ్లిపోండి అని చెప్పాలి. శిక్షణ ఇచ్చి మరీ అప్పగించారు.

ఏడేళ్ల కిందట వేసవిలో ఒకసారి హెచ్చరిక వస్తే చెప్పాను. గాలికి కాయ రాలిపోతుందని ఊరంతా హడావిడిగా లేతకాయ కోసేసింది. చినుకైనా పడలేదు. వ్యాపారులు అడిగిన రేటుకే ఇచ్చుకున్నాం. ఆ మెసేజ్ ప్రభుత్వం పేరుతో ఆ వ్యాపారులే పంపించారేమోనని నాకు అనుమానం పట్టుకుంది.

వారం తిరక్కుండా మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఆ మధ్యాహ్నం నా తోటలోనే కోత. కాయలు ఏరుతున్న కూలీ మరియమ్మ నా ఫోను చప్పుడుకు తలెత్తింది.

"ఏంటండీ, వానేమన్నా వస్తదంటనా?"

"ఏం లేదు మరియమ్మా, ఎవడో కంపెనీవాడి మెసేజ్. నువ్వు కానియ్."

అరగంటలో ఆకాశం నల్లబడింది. కూలీలంతా షెడ్డులోకి పరిగెత్తారు. మరియమ్మ మాత్రం నా కాయలు తడిసిపోతాయని పట్టా కప్పుతూ చెట్టు కిందే ఉండిపోయింది. పిడుగు ఆ చెట్టు మీదే పడింది. ఆమె మళ్లీ లేవలేదు.

నేను మైకు దగ్గరికి వెళ్లనిది నిజంగా వ్యాపారుల మీద అనుమానంతోనేనా? లేక, చెబితే కూలీలు పని వదిలి వెళ్లిపోతారని, లారీ సగం లోడుతో కదులుతుందని లెక్క వేసుకుని, ఆ కక్కుర్తికి అనుమానం అని పేరు పెట్టుకున్నానా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా రెండోదే నిజమనిపిస్తుంది.

మెసేజ్ సంగతి ఎవరూ అడగలేదు. ఆమె భర్త ఏసోబు ఎదురైతే నమస్కారం పెడతాడు. తెలిసే పెడుతున్నాడా? నాకు భయం.

ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. కళ్లారా చూసినవాణ్ణని ఇప్పుడు పిడుగుల మీద అవగాహన సభలకు నన్నే పిలుస్తారు. మైలవరం దాకా వెళ్లి మాట్లాడాను. ప్రతిచోటా మరియమ్మ కథే చెబుతాను. పాపం, తెలియక చెట్టు కింద ఉండిపోయిందంటాను. జనం అయ్యో అంటారు. నా తప్పును చనిపోయిన మనిషి మీదికి తోసేశాను.

ఆమె అడిగింది. నేను అబద్ధం చెప్పాను. క్షమాపణ కోరే ముఖం నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే.

రేపు ఉంగుటూరులో సభ. ఈసారి ఏసోబు కూడా వస్తానన్నాడు.