నాన్న సంచిలో గవ్వలు

పోయిన వారం ఓ పొద్దున మా మనవరాలు జడ వేసుకుంటూ కుడిచేయి చెవి దాకా ఎత్తి, అక్కడే ఆపేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. పేపరు చాటునుంచి నేను చూశాను. అడిగితే, "కుచ్ నై తాతా, పడుకున్నప్పుడు పట్టేసింది" అంది. నలభై ఏళ్లకు పైగా నా చేయి ఆగేదీ సరిగ్గా అక్కడే, నాకా చెప్పేది?

పిల్ల సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. మైదానం చివరినుంచి బంతిని బేసు దాకా ఒక్క విసురులో పంపే చేయి దానిది. మా దీవుల జట్టుకు ఎంపిక పది రోజుల్లోకి వచ్చింది. ఆ చేయి పోతే జట్టు సంగతి సరే, తన జడ తాను వేసుకోగలదా?

మా నాన్న శ్రీకాకుళం తీరంనుంచి సముద్రం దాటి ఈ దీవికి వచ్చి వండూర్‌లో కాపురం పెట్టినవాడు, విసురువల మీద బతికినవాడు. వల ముట్టుకునే ముందు ఇసుకలో కాసేపు గబగబా నడిచి, ఖాళీ చేతులు గుండ్రంగా తిప్పి, మోకాలిలోతు నీళ్లలో దగ్గర దగ్గరగా నాలుగు చిన్న విసుర్లు వేసి, ఆ తర్వాతే దూరానికి విసిరేవాడు. అదైనా ఒట్టి భుజంతో కాదు. ముందు కాలు పడి, నడుము తిరిగి, ఆ ఊపు వెంట చేయి వచ్చేది. నడుముకు రెండు వైపులా రెండు గుడ్డ సంచులుండేవి. కుడి సంచిలో ముప్పై గవ్వలు. విసురుకొక గవ్వ ఎడమ సంచిలోకి మారేది. కుడి సంచి ఖాళీ అయిందంటే, చేపలు కళ్లముందు ఎగురుతున్నా సరే, వల మడిచి ఇంటిదారి పట్టేవాడు. "చేప రేపూ వస్తాది, రెక్క రాదురా" అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి. మూడో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి లోకమంతా తెలుసుకున్నాననుకున్నవాణ్ణి కదా! హాడో రేవులో, రంగత్ దీవికి పోయే బోటు మీద పని దొరికింది. బోటు జెట్టీకి చేరుతుంటే, చివర బరువైన ముడి వేసిన తాడును ఒడ్డుకు విసరడం నా పని. కూర్చున్నచోటునుంచి లేచి, ఒళ్లు విరుచుకోకుండానే ఒంటిచేత్తో విసిరేవాణ్ణి. ఒడ్డుమీదివాళ్లు "వాహ్ భయ్యా" అంటే మళ్లీ విసరాలనిపించేది. భుజం గుంజడం మొదలయ్యాక ఎవరికీ చెప్పలేదు. చెబితే బోటు నడిపే మా సరంగు తాడు వేరేవాడికిచ్చి నన్ను వంటగదిలోకి తోస్తాడని భయం. బామ్ రాసుకుని, ఆ వాసన పోవడానికి పైన డీజిల్ రాసుకునేవాణ్ణి, చూడండి నా తెలివి! ఒక వానాకాలం గాలిలో తాడు మూడుసార్లు నీళ్లలోనే పడింది. బోటు వెళ్లి జెట్టీకి గుద్దుకుంది. ఆ రోజుతో తాడూ పోయింది, చేయీ పోయింది. నాన్న తిట్టుంటే బాగుండేది.

అందుకే, పిల్ల చేయి చెవి దగ్గర ఆగిన రోజు సాయంత్రమే మైదానానికి పోయాను. పిల్లలు వచ్చీరాగానే, రెండడుగులు పరుగైనా లేకుండా, చివరినుంచి బలంకొద్దీ విసురుతున్నారు. ఎన్ని విసురుతున్నారో లెక్కపెట్టే నాథుడు లేడు. ఇలాగైతే భుజాలు నొప్పి పుట్టవా అని కోచ్ కుర్రవాణ్ణి నిలదీశాను.

"దర్ద్ లేకుండా దమ్ము ఎలా వస్తాది చాచాజీ?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరిముందూ కుడిచేయి ఎత్తాను. చెవి దగ్గర ఆగింది. "ఇదిగో బాబూ, నా దమ్ము. ఇంకాస్త పైకి లేపు, చూద్దాం" అన్నాను. అతను బంతి కింద పెట్టేశాడు. మనవరాలు మాత్రం, "ఘర్ జావ్ తాతా, ఇజ్జత్ తీస్తున్నావ్" అని ఏడ్చింది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ వారం విసరొద్దంది. ఆ తర్వాత దగ్గరనుంచి నెమ్మదిగా మొదలుపెట్టి, నొప్పి తెలిస్తే ఆపాలంది. నాన్న చేసిందే కదా ఇది! పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను నాన్న గవ్వల డబ్బా దాని ముందు పెట్టి, ఈ కథంతా చెప్పాను.

ఈ పొద్దున మళ్లీ మైదానంలోకి దిగింది. పరిగెత్తింది, చేతులు తిప్పింది, కుడి జేబులో పది గవ్వలు వేసుకుని దగ్గరనుంచి విసరడం మొదలుపెట్టింది. ఎంపికకు ఇంక రెండు రోజులే ఉంది. నేను గోడ మీద కూర్చుని, ఒక్కో విసురూ లెక్కపెట్టాను. ఏడో గవ్వ ఎడమ జేబులోకి మారాక ఆగింది. కోచ్ వైపు తిరిగి, అందరూ వినేలా, "భయ్యా, గుంజుతోంది. ఈరోజుకి చాలు" అంది. అతను సరేనన్నాడు.

జట్టులో చోటు దక్కుతుందో లేదో నాకు తెలియదు. ఆ దిగులు పోలేదు. నాన్న వల విసిరిన ఒడ్డున ఇప్పుడు టూరిస్టుల బోట్లు ఆగుతున్నాయి, ఇసుకలో గవ్వ ఏరినా తప్పేనంటున్నారు. పిల్ల వచ్చి మిగిలిన మూడు గవ్వలు నా అరచేతిలో పెట్టింది. దాని నోట అంత తేలికగా వచ్చిన 'గుంజుతోంది' అన్న మాట, ఆ వయసులో, మా సరంగు ముందు నాకు రాలేదు.