నిలబడి చచ్చిన పటేలు

క్యాసంబళ్ళి దగ్గర ఒక పల్లెకు మా తాతలు పటేళ్ళు. ఇప్పుడు పెత్తనం లేదు, భూమి లేదు. నడుం మాత్రం వంగలేదు. అందుకే ఊరిగాంలో వెల్డింగ్ షాపు నడిపే ఒకాయన సినిమా తీస్తూ, పటేలు వేషానికి నన్ను అడిగాడు.

"నటించే పనే లేదు సామీ, మీరు ఊరికే నిలబడితే చాలు."

ఆయన దగ్గర ఒక సెల్‌ఫోను, తనే అతికిన స్టాండు ఉన్నాయి. కథలో ఎడారి కావాలంటే బంగారు గనుల పక్కన, బంగారం తీశాక పారబోసిన మట్టి కొండలా పేరుకున్న సైనైడ్ దిబ్బ ఉండనే ఉంది. చివర్లో విలను తుపాకీ పేల్చాలి, నేను ఆ దిబ్బ మీద కూలాలి.

నేను కూలలేదు. పరాయివాళ్ళ ఎదుట మా ఇంటి మగవాళ్ళు నేల మీద కూర్చోరు, పడుకోవడం అసలే లేదు. పక్షవాతం వచ్చినప్పుడు కూడా మా తాత చూడవచ్చినవాళ్ళను కుర్చీలోనే పలకరించారు.

"గుండు తగిలితే పడల్ల కదా సామీ?"

"తగిలిందని నేను ఒప్పుకోవాలి కదా."

ఆయన తల గోక్కున్నాడు. "సరే, నిలబడే సచ్చిపోండి."

కళ్ళు మూసుకుని హుందాగా చచ్చిపోయాను. నా భార్య వేషం వేసినావిడ నిలబడి ఉన్న శవాన్ని పట్టుకుని ఏడ్చింది. ఇంతలో గాలికి కండువా ఎగిరింది. దాన్ని పట్టుకుని భుజాన వేసుకున్నాక, చచ్చిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఇంకోసారి తీద్దామంటే ఫోనులో చార్జి అయిపోయింది.

ఒక ఆదివారం పొద్దున చర్చి పక్క హాల్లో సినిమా వేశారు. ఆ సీను రాగానే హాలు విరగబడి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. మా తాతల పరువు దుప్పటి తెర మీద నవ్వులపాలైందనుకుని లేచి తలుపు వైపు నడిచాను.

"రేయ్, ఆపండ్రా!" అని వెనక వరసలోంచి అరుపు. గనిలో పనిచేసి రిటైరైన ముసలాయన. "మళ్ళీ ఏయండి! ఆయప్ప సచ్చేది మళ్ళీ సూడల్ల!"

మళ్ళీ వేశారు. మూడుసార్లు వేశారు. తలుపు దగ్గరే నిలబడి ఒక్కొక్క ముఖంలో ఎగతాళి కోసం వెతికాను. లేదు. బాగా తీసిన సినిమాల్లో చచ్చినవాళ్ళను ఇంటికి పోయేలోగా మరిచిపోతాం. వీళ్ళు నన్ను వదలడం లేదు.

ముసలాయన నా దగ్గరికి వచ్చాడు.

"సామీ, గనిలో పడిపోయినోళ్ళను శానామందిని సూసినా. గుండు తగిలినా పడనోణ్ణి ఇప్పుడే సూస్తా ఉండా. ఇంగ ఒక్కసారి, స్టేజీ మీద సచ్చి సూపించండప్పా!"

మెట్లెక్కాను. విలను పరుగెత్తుకొచ్చి నోటితోనే "ఢాం" అన్నాడు. కండువా సర్దుకుని, ఈసారి ఇంకా నిదానంగా చచ్చిపోయాను.

కళ్ళు తెరిచేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. వాళ్ళందరూ కూర్చునేదాకా నేను దిగలేదు.