సెమికోలన్ మర్చిపోయారండి

మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక విద్యార్థిని, "కంపైలర్‌ని మనం కట్టుకోవడమేంటండీ మేడమ్, డౌన్‌లోడ్ చేసేసుకుంటే పోదా?" అంది. నవ్వి ఊరుకోవలసింది. నాకు మాత్రం ఇరవై ఏళ్ళ నాటి కోపం మళ్ళీ వచ్చేసింది.

అప్పుడు నేను పెంటపాడు నుంచి రోజూ బస్సెక్కి, తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. రాతలో తప్పు దొర్లితే ఇంగ్లీషులో కసిరేది. మాలో సగంమంది ఆ కసురుకే బెదిరిపోయేవారు. పెద్దవాళ్ళని అండీ అనకపోతే వీపు మీద ఒకటి పడే ఇంట్లో పెరిగినదాన్ని, ఒక యంత్రం చేత మాటలు పడాలా అనిపించింది. దాన్ని తయారుచేసిన అసలు రాత, సోర్సు కోడ్, ఎవరికైనా దొరికేదే; కాకపోతే ఆ రాత నుంచి కంపైలర్‌ని కట్టాలన్నా ముందే ఉన్న ఇంకో కంపైలరే కావాలి. అందులోని ఆ మందలింపులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు చేసి, కంపైలర్‌ని మళ్ళీ కట్టడమే నా ప్రాజెక్టు అన్నాను. మా లెక్చరరు గారు, "అది మీ వల్ల అయ్యేది కాదమ్మా. అందరిలా ఏలూరు వెళ్ళి ఏదో షాపులో రెడీమేడ్ ప్రాజెక్టు కొని తెచ్చేసుకోండి" అన్నారు. ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే. అయినా సరే, ఏలూరు బస్సు ఎక్కేది లేదనుకున్నాను.

రైస్ మిల్లులకు షాఫ్టులు చేసే మా మావయ్య లేత్ వర్క్స్‌లో ఒక పాత కంప్యూటరు ఉండేది. కరెంటు పోతే జనరేటరు ఉంది. ఇనప రజనూ, గ్రీజు వాసనా మధ్య కూర్చుని పని మొదలుపెడితే తెర మీద వరుసలు పరుగెత్తేవి. తీరా మూడు గంటలయ్యాక, అప్పటిదాకా కట్టిన దాన్నే మళ్ళీ మొదటినుంచి కట్టేది. ఎక్కడో తప్పు చేశాను, అక్కడక్కడే తిరుగుతోంది అనుకుని ఆపేసేదాన్ని. అలా నాలుగు రోజులు నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. అయిదో రోజు మావయ్య నా మొహం చూసి సంగతి అడిగారు. అంతా విని, "ఓసి పిచ్చిదానా, అరువు లేతు మీద చేసుకున్న లేతుని ఎవడు నమ్ముతాడే? దాని మీద ఇంకోటి చెయ్యాలి, దాని మీద మళ్ళీ ఇంకోటి. చివరి రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తేనే నీ లేతు నిలబడ్డట్టు. ముట్టుకోకుండా వదిలెయ్" అన్నారు. కంప్యూటరు పుస్తకం ఒక్కటి కూడా తెరవని మనిషి ఆయన.

వదిలేశాను. అరువు కంపైలర్‌తో ఒకటి, దానితో రెండోది, దానితో మూడోది, మూడేసి గంటల చొప్పున మొత్తం తొమ్మిది గంటలు పట్టింది; చివరి రెండూ అచ్చు ఒకేలా వచ్చాయి. ఆ సాయంత్రం ఒక ప్రోగ్రాములో వరుస చివర ఉండాల్సిన సెమికోలన్ గుర్తుని కావాలని తీసేసి ఇస్తే, "ఏవండీ, ఏడో వరుసలో సెమికోలన్ మర్చిపోయారండి" అంది. పనివాళ్ళంతా లేతులు ఆపి వచ్చి, చదివించుకుని నవ్వారు. నాకేమో ఏడుపొచ్చింది.

పరీక్షనాడు ఆ కంప్యూటరునే ఆటోలో ఎక్కించుకుని కాలేజీకి వెళ్ళాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు గారు చూసి, "బాగుంది. ఏ షాపులో చేయించారమ్మా?" అన్నారు. నేనే కట్టానన్నాను. ఆయన మా లెక్చరరు గారి వైపు చూసి నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కళ్ళముందే సోర్సు మాత్రం ఉంచి, కట్టినదంతా చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టాను. "తొమ్మిది గంటలు పడుతుందండి. కుర్చీ వేయించమంటారా?" అన్నాను, చేతనైనంత మర్యాదగా.

ఆయన కూర్చోలేదు. పాస్ మార్కులు వేసి భోజనానికి వెళ్ళిపోయారు. ల్యాబుకి తాళం వేసేదాకా నేనొక్కదాన్నే దాని ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఎవరెవరి మెప్పు కోసమో ఏళ్ళకేళ్ళు ఖర్చుపెట్టాను, ఆ ఏళ్ళలో ఏం చేశానో సరిగా గుర్తు కూడా లేదు. ఎవరూ చూడకపోయినా లేవకుండా కూర్చున్న ఆ గంటలు మాత్రం, ఇప్పటికీ అచ్చంగా నావే.