తాళమేసిన రొట్టెల దుకాణానికి జీఎస్టీ నంబర్

మొన్న నాకు ఏమైందో చెప్తే మీరు చాయ్ తాగుడు ఆపి మరీ నవ్వుతరు. నవ్వుండ్రి, ఏం గాదు! నా దుకాణానికి జీఎస్టీ నంబర్ రాకుండ అడ్డం వడ్డది పగోళ్లు గాదు, నేనే! అదీ నా ఇంట్లనే తలుపెనుక నిలవడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకుంట!

మాది గద్వాల అని తెలుసు గద. ప్రైవేట్ స్కూల్ల టీచర్ పని ఇడిచిపెట్టి, కడక్ జొన్నరొట్టెల దుకాణం పెడదామని దిగిన. అదేనండి, నెలరోజులైనా పాడుగాని ఎండు రొట్టెలు. కర్నూల్ల ఒక పెద్ద దుకాణపాయన మా చుట్టాలింట్ల ఒక్క రొట్టె తిని, "అమ్మా, నాకు వారం వారం పంపు. కానీ జీఎస్టీ నంబర్ ఉండాలె. ఈ నెలాఖరుకు రాకుంటే రాయచూరోళ్ల దగ్గర తీసుకుంట" అన్నడు. కర్నూలు మాకు పక్కనే గానీ రాష్ట్రం వేరాయె. నంబర్ లేంది సరుకు దాటదు. రొట్టెల మిషన్ కొన్న, ఉద్యోగం ఇడిచిపెట్టిన, ఇగ నంబర్ రాకుంటే నా బతుకు ఏంగావాలె?

నెట్ సెంటర్ల అప్లై చేయించిన. అక్కడి పిలగాడు ఒకటే మాట చెప్పిండు: "అక్కా, ఆఫీసు నుంచి సార్ ఒకాయన జాగ చూడనీకి వస్తడు. ఎప్పుడొస్తడో తెల్వదు. బోర్డు పెట్టుకొని రెడీగుండు." సరే అన్న. అంత మంచిగనే ఉండె.

నడుమల శేఖర్ తగిలిండు. మా ఆయన మేనత్త కొడుకు, నాకు మరిది వరస. ఇన్సూరెన్స్ ఏజెంట్. హెల్మెట్ పెట్టుకొని, భుజానికి నల్ల బ్యాగు ఏసుకొని వస్తడు. కూసున్నడంటే పొద్దుగూకేదాక లేవడు! "వదినా, దుకాణం పెడుతున్నవంట. ఇగ నీ ప్రాణానికి విలువ పెరిగింది, పాలసీ దీస్కో" అంటడు. ఇన్ని దినాలు నా ప్రాణం ఉత్తదేనా మరి? పిండి పిసకనీక్కూడ ఇడువకపాయె, పరేషాన్ జేసిండు.

మా గల్లీల ఒక మంచి అలవాటుంది. ఎవరన్న ఒకరి కంట వడొద్దని మనం అంటే సాలు, గల్లీ అంత ఒక్కటైతది. మా మెట్ల కింద కూరగాయలమ్మే నర్సమ్మత్తకు, ఎదురుంగ చాయ్ హోటల్ ఖాజా భాయ్‌కి చెప్పిన: "నల్ల బ్యాగు ఏసుకొని ఎవరన్న నన్ను అడిగితే, లేనని చెప్పుండ్రి." ముందల తలుపుకు బయటికెళ్లి తాళమేసి, ఎనుక తలుపుల నుంచి ఇంట్లకు తిరుగుతున్న. బోర్డు గూడ గోడ దిక్కు తిప్పిపెట్టిన. ఎంత తెలివో చూడుండ్రి!

మంగళారం పొద్దుగాల వేడినీళ్లు పోసి పిండి కలుపుతున్న. బండి చప్పుడైంది. కిటికీ సందుల నుంచి చూస్తే హెల్మెట్, నల్ల బ్యాగు. బండి వేరే ఉండె గానీ, మార్చిండేమో అనుకున్న. ఆయన మెల్లగ ఏదో అడుగుతుండు. శేఖర్‌కు జర బుద్ధొచ్చింది, గొంతు తగ్గిచ్చిండు అని మురిసిపోయిన.

నర్సమ్మత్త గొంతు మాత్రం ఖంగుమని ఇనొచ్చింది. "ఆమెనా? ఇంకెక్కడి ఆమె నాయనా! దుకాణం లేదు, గికాణం లేదు. మొగుడు పెండ్లాం పూణె పోయిండ్రు, బిల్డింగ్ పనికి."

ఖాజా భాయ్ హోటల్ల నుంచే అరిసిండు: "ఖాళీ మకాన్ భాయ్! మిషన్ గూడ అమ్ముకొని పోయిండ్రు!"

నేను చెప్పింది లేనని చెప్పమని. పూణె దాక పంపిచ్చుడు వాళ్ల సొంత కష్టం! ఆయన తాళం ఫొటో దీసుకొని పోయిండు. నేను లోపల నవ్వలేక సచ్చిన. ఆ దినం చేసిన రొట్టెలన్ని వాళ్లిద్దరికే బహుమానం ఇచ్చేసిన.

రెండు దినాలైనంక నెట్ సెంటర్ పిలగాని ఫోన్. "అక్కా, ఎక్కడున్నవ్? పూణెలనా?"

"పూణె ఏంది రా?"

"నువ్వు చెప్పిన జాగల దుకాణమే లేదంట. తాళం ఫొటో పెట్టి రాసిండ్రు. జవాబు ఇయ్యకుంటే అర్జీ కొట్టేస్తరు!"

ఆ వచ్చినాయన శేఖర్ గాదు, ఆఫీసు సార్! ఉద్యోగం పాయె, కర్నూలు పాయె అని నిజంగనే ఏడ్సిన. కండ్లు తుడుసుకొని, ఒక డబ్బల రొట్టెలు పెట్టుకొని ఆఫీసుకు ఉరికిన.

సార్ నా పేరు ఇని తలకాయెత్తిండు. "మీరు పూణెల ఉన్నరంట కద అమ్మా?"

"వచ్చిన సార్."

"మిషన్ అమ్మినరంట కద?"

"మళ్ల కొన్న సార్."

అబద్ధం మీద అబద్ధం ఎన్నని ఆడను? ఇగ శేఖర్ సంగతంత చెప్పేసిన. సార్ కండ్లద్దాలు తీసిండు. "ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు నాకు పోలిక యాడ కనవడ్డదమ్మా?"

"బ్యాగుల సార్."

సార్ పక్కకున్న నల్ల బ్యాగును ఒకపారి చూసి, కాలుతోని మెల్లగ టేబుల్ కిందికి నూకిండు. రొట్టెల డబ్బ మాత్రం ముట్టలేదు. "జవాబు పెట్టుండ్రి, మళ్లొస్త. ఎప్పుడొస్తనో చెప్పను" అన్నడు.

ఇంటికొచ్చి తాళం తీసి, బోర్డు తిప్పి, గల్లీల అందరికి చెప్పిన. "నల్ల బ్యాగు ఏసుకొని ఎవరొచ్చినా సరే, మర్యాదగ చేయి పట్టుకొని తోల్కరాండ్రి. నా గురించి మంచిగ చెప్పుండ్రి." అక్కడ గూడ తప్పే చేసిన! మావోళ్లకు మంచిగ చెప్పుమంటే ఒక హద్దు ఉంటదా?

సార్ రానే వచ్చిండు. "ఈమె రొట్టెల దుకాణం ఎప్పటిసంది ఉంది?" అని ఖాజా భాయ్‌ని అడిగిండు. ఖాజా భాయ్ ఛాతి పొంగిచ్చి, "పదేండ్ల సంది సార్! దినాం లారీ లోడు పోతది!" అన్నడు.

నంబర్ లేకుండ పదేండ్ల సంది లారీలు నడుపుతున్ననంటే ఇగ జైలే! "లేదు సార్, ఇంక మొదలే పెట్టలేదు! ఒక్క రొట్టె గూడ అమ్మలేదు!" అని మొత్తుకున్న. నర్సమ్మత్త నన్ను కాపాడదామని నడుమల దూరింది. "ఔ సార్, ఎట్ల అమ్ముతది? నిన్నటిదాక పూణెలనే ఉండె గద!"

సార్ వాళ్లిద్దరి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. లోపలికొచ్చి మిషన్ చూసిండు, బోర్డు కింద నన్ను నిలవెట్టి ఫొటో దీసిండు. పోయేటప్పుడు, "అమ్మా, మీ రొట్టెలకు ఎవరితోనన్న ప్రచారం చేయించండి గానీ, వీళ్లతోని మాత్రం వద్దు" అన్నడు.

నెల ఇంక ఒడవకముందే నంబర్ వచ్చింది! బోర్డు మీద పెద్దగ రాయించిన. కర్నూలాయన ఆర్డర్ చెప్పిండు. ఆ సంబురంల మొదటి పెట్టె కడుతున్న. అప్పుడు బయటి నుంచి నర్సమ్మత్త కేక: "బిడ్డా, నల్ల బ్యాగాయన వచ్చిండు!"

చూస్తే ఏముంది! ఒక దిక్కు నర్సమ్మత్త చేయి పట్టుకొని, ఇంకో దిక్కు ఖాజా భాయ్ చాయ్ గ్లాసు పట్టుకొని, నడుమల పెండ్లికొడుకు లెక్క శేఖర్! "నువ్వు చెప్పినట్టే మర్యాదగ తోల్కొచ్చినం" అన్నది అత్త. శేఖర్ కుర్చీల కూసోని బ్యాగు తెరిసిండు. "వదినా, పూణె నుంచి ఎప్పుడొచ్చినవ్?"

ఏం చేస్త? ఇప్పుడు నాకు రెండు నంబర్లున్నయి. ఒకటి జీఎస్టీది, ఇంకోటి పాలసీది.