జముకు లేని రికార్డింగు

మా ఆయన సన్యాసిరాజుకి వారంలో ఆరు రోజులు లిఫ్టులు, ఏడో రోజు జముకు. మధురవాడలో ఏ అపార్టుమెంటులో లిఫ్టు ఆగినా టూల్ బ్యాగు తగిలించుకుని పరిగెత్తే మనిషి, ఆదివారం మాత్రం భూకంపం వచ్చినా కదలడు. జముకంటే మావైపు కథలవాళ్ళు వాయించేది. ఈయన దాన్ని సొంతంగా చేసుకున్నాడు. పాత ఇత్తడి బిందెను కోయించి, ఒకవైపు మేకతోలు బిగించి, దాని మధ్యలోంచి తీగ లాగాడు. చంకలో ఇరికించుకుని మీటితే గుమ్ముమని ఆగకుండా మోగుతుంది. నిజం చెప్పొద్దూ, మొదటి ఏడాది నాకు తలనొప్పి మాత్రలే గతి.

భీమిలి దాటాక వాళ్ళ ఊళ్ళో శ్రీరామ్మూర్తిగారని జముకుల కథ చెప్పే పెద్దాయన ఉన్నారు. చదువుకునే రోజుల్లో ఈయన బడి ఎగ్గొట్టి ఆ జట్టు వెనకే తిరిగేవాడట. వాయించడానికి ఇద్దరున్నారు, ఇంక ఖాళీ లేదు పొమ్మన్నారు. అప్పటినుంచి చూసింది గుర్తుపెట్టుకుని తనంతట తనే నేర్చుకున్నాడు. పాతికేళ్ళకి, మొన్న శుక్రవారం, ఆ ఖాళీ వచ్చింది. వాయించే ఒకాయన కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయాడట. నడుం పట్టేసి మంచం మీదున్న శ్రీరామ్మూర్తిగారే స్వయంగా ఫోన్ చేశారు.

"ఒరే సన్యాసీ, నువ్వు వాయించి ఫోన్లో ఎట్టు. ఆదివారం మద్దేన్నం ఊరి పెద్దలు అమ్మవారి పండక్కి జట్టు పేర్లు రాసుకోడానికొత్తారు. ఆలోపు నాను ఇనాల."

ఇంక మా ఇల్లు ఇల్లు కాదు. ఆదివారం ఏడింటికల్లా బీరువాకీ కిటికీ ఊచలకీ తాడు కట్టి, బయటి చప్పుడు రాకుండా ఇంట్లో ఉన్న బొంతలన్నీ దాని మీద వేశాడు. నా పట్టుచీరలు కూడా లాగబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాను. బియ్యం డబ్బా మీద ఫోన్. ఫ్యాన్ బంద్. ఫ్రిజ్ బంద్. పాలు విరిగిపోతాయంటే వినడే! నన్ను కాలింగ్ బెల్ దగ్గర కాపలా పెట్టాడు.

మొదటిసారి కింద నీళ్ళ మోటారు వేశారు. రెండోసారి నాకే తుమ్మొచ్చింది. ఆయన చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. మూడోసారి కళ్ళు మూసుకుని, జముకు మీటుతూ అమ్మవారి పుట్టుక ఘట్టం పాట ఎత్తుకున్నాడు. ఏడు నిమిషాలు. గుమ్మంలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను, ఒళ్ళు ఝల్లుమంది. అంతా జముకు మహిమే అనుకున్నాను.

పాట అవ్వడం ఆలస్యం, పంపేశాడు.

"ఒక్కసారి ఇనుకోకుండా పంపేసినారేటండీ?"

"ఇనడానికేటుంది బిందూ! సెయ్యి ఎలాగ పడిందో సూసేవు కదా!"

అవతల శ్రీరామ్మూర్తిగారు విన్నట్టు గుర్తు కూడా వచ్చేసింది. అప్పుడు తీరిగ్గా కూర్చుని విన్నాం. మొదట ఒక్క గుమ్ము వినిపించింది. తర్వాత పాట, పాట, పాట. జముకు లేదు. సౌండు పెంచాడు, ఫోన్ చెవికి అదిమాడు, దులిపాడు కూడా. చూస్తుండగానే ముఖం పాలిపోయింది.

నేను మద్దిలపాలెంలో కస్టమర్ కేర్ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దస్తమానం హెడ్‌సెట్ తలకి తగిలించుకునే ఉంటాను. నా నెత్తిమీద ఏసీ బుసకొట్టినా అవతల కస్టమర్‌కి నా మాటే వినిపిస్తుంది. ఆగకుండా మోగేదేదైనా చప్పుడనుకుని ఆ యంత్రం మింగేస్తుంది. నాకు ఠక్కున వెలిగింది.

"ఏవండీ, మీ జముకుని ఇది ఫ్యాననుకుందండీ!"

సెట్టింగులన్నీ వెతికి, చప్పుడు తగ్గించే ఆప్షన్ పట్టుకుని ఆపేశాను. ఈయన రెండు దెబ్బలు కొట్టి, అది రికార్డు చేసి వింటే గుమ్ముమని వినబడింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. టైము పదకొండుంపావు. మళ్ళీ బొంతల మధ్యకి దూరి మొదలుపెట్టాడు. సగంలో ఉండగా అదే ఫోన్ మోగింది. శ్రీరామ్మూర్తిగారు. ఈయన చంకలో జముకు ఉండడంతో నేనే స్పీకర్ పెట్టాను.

"జముకేదిరా? మొదట్లో ఒక్క దెబ్బ తప్పితే ఇనపడ్లేదు."

"గురువుగోరూ, ఫోన్ మింగేసినాదండీ! మల్లీ పంపుతాను, పది నిమిసాలు..."

"ఆగరా. ఆ గొంతు నీదేనా?"

"నాదేనండి."



"జముకు అడ్డం నేకపోబట్టి నీ గొంతు ఇన్నాను. వాయించేవోడు ఇయ్యాల కాపోతే రేపు దొరుకుతాడు. నానింక నిలబడి కత సెప్పలేనురా. ఊళ్ళో ఎవలికీ సెప్పలేదు. ఎవలి సేతిలో ఎట్టాలా అని ఏడాదై సూత్తన్నాను. ఈ పండక్కి కత నువ్వు సెప్పు."

ఈయన జముకు తీసి పక్కన పెట్టేశాడు. బొంతల మధ్య నేలమీద చతికిలబడ్డాడు.

"సెప్తారండి! తప్పకుండా సెప్తారు!" అని నేనే అరిచాను.

ఫోన్ పెట్టాక మా ఆయన ఏడుస్తూ నవ్వుతున్నాడు. నాకు పట్టరాని సంతోషం, దాని వెనకే సిగ్గు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన స్నానాల గదిలో గొంతెత్తినప్పుడల్లా, కింది ఫ్లాటువాళ్ళు వింటారు మెల్లగా అని తలుపు బాదింది నేనే. ఆ మాట చెప్పి, తప్పైపోయిందండీ అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "అయితే ఇప్పుడు పాడొచ్చా?" అని అడిగాడు.

కిటికీలన్నీ బార్లా తీసి, గట్టిగా పాడమన్నాను.