మొండి బోల్టు

నిన్న మా పాత మిలిటరీ జీపు బాడీ మళ్లీ విప్పుతుంటే షెడ్డంతా కిరసనాయిలు వాసన. ఒక్కసారిగా జనగామ ఇల్లు గుర్తొచ్చింది. బోల్టులు నానబెట్టే డాల్డా డబ్బా మీ ఇళ్లలోనూ ఉండేదా?

అవి తెలంగాణ కోసం కొట్లాడుతున్న రోజులు. బంద్ కావడంతో, ఈ జీపు బాడీని చాసీ మీంచి ఎత్తడానికి నాయిన పిలిచిన క్రేన్ రాలేదు. మా ఇంటి ఎదురుగా దీక్షా శిబిరంలో ఉన్నవాళ్లే లేచి వచ్చి, నాలుగు వైపులా పట్టుకుని "జై తెలంగాణ!" అంటూ బాడీని ఎత్తారు. కదల్లేదు. తుప్పుపట్టిన బోల్టొకటి ఊడలేదు.

"కోసెయ్యరాదన్నా," అన్నారొకరు.

"కోస్తే చాసీ ఖరాబైతది. జర ఆగుండ్రి," అన్నాడు నాయిన, డాల్డా డబ్బాలోంచి బోల్టు మీద కిరసనాయిలు పోస్తూ.

"ఇన్నేండ్లు ఆగినోళ్లం, ఒక్క బోల్టుకు ఆగలేమా?" అంటూ ఓ పెద్దాయన అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కరూ కదల్లేదు. సాయంత్రానికి బోల్టు ఊడింది, బాడీ లేచింది.

నిన్న అదే బోల్టు మళ్లీ మొండికేసింది. మెకానిక్ కట్టర్ అందుకున్నాడు. నేను నాయిన డాల్డా డబ్బా అందుకున్నాను.