దయ్యం తలుపు తట్టిన తీరు

సినిమాల్లో వినిపించే అడుగుల చప్పుడు, గాజుల గలగల, గొళ్లెం కిర్రుమనడం అన్నీ తన చేతులతో పుట్టించేది ఆవిడ. స్టూడియోలో అందరూ చప్పుళ్లక్క అనేవారు.

ఆ రోజుల్లో ప్రభుత్వాన్ని వేలెత్తి చూపే సినిమా తీయడానికి ఎవరికీ గుండె చాలేది కాదు. దయ్యాల సినిమాలకు మాత్రం సెన్సారువాళ్లు కళ్లు మూసుకుని సంతకం పెట్టేవారు. అది చూసుకునే ఒక దర్శకుడు ఇళ్లలోంచి మనుషుల్ని ఎత్తుకుపోయే దయ్యం కథ తీశాడు. అది తలుపు తట్టే చప్పుడు కావాలన్నాడు.

అక్క ఆలోచించలేదు. పిడికిలితో రెండు దెబ్బలు, కాస్త ఆగి, బూటుకాలితో ఒకటి. తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోయిన ఉదయం విన్నది అదే. ఆ తమ్ముడు తిరిగి రాలేదు. ఆమె అన్నయ్యా అని పిలిచే రికార్డిస్టు ఆమెను ఒకసారి చూసి టేపు ఆపాడు. పదకొండేళ్లుగా ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నవాళ్లు వాళ్లిద్దరూ.

సినిమా విడుదలైంది. ఆ చప్పుడు దగ్గర హాల్లో ఒక్కరూ కేక వేయలేదట, ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. తొమ్మిదో రోజు మ్యాట్నీ మధ్యలో బొమ్మ ఆపేశారు. మర్నాడు ఇస్త్రీ చొక్కా అధికారి ఒకడు స్టూడియోకు వచ్చి, సరాసరి ఆవిణ్ణే పిలిపించి, ఆ ముక్క మూడుసార్లు వేయించుకుని విన్నాడు.

"ఇది ఎక్కడ విన్నావు?"

"ఎక్కడా వినలేదండీ. దయ్యం ఎలా తడుతుందో ఊహించి చేశాను."

"అచ్చం మావాళ్లు తట్టినట్టుందే."

"అలాగాండీ? మీరు చెప్పేదాకా నాకు తెలీదు."

ఆమెను పట్టుకుంటే ఆ దయ్యం తామేనని ఒప్పుకున్నట్టవుతుందని అతనికి అప్పుడు తట్టింది. రీళ్లు పట్టుకుపోయాడు గానీ ఆమె జోలికి రాలేదు.

అసలు బాధ అప్పుడు మొదలైంది. ఆ చప్పుడు తనదని చెప్పిందెవరు? ఆ గదిలో ఉన్నది ముగ్గురే. దర్శకుడికి సినిమాయే పోయింది, అతను చెప్పి ఉండడు. ఇక మిగిలింది అన్నయ్య. అడుగుదామంటే నోరు రాలేదు. ఆమె గదిలోకి రాగానే అతను ఫోను పెట్టేసేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకుంది. క్యారేజీలు వేరే బల్లల మీదికి మారాయి. ఆరేళ్లు పని మాటలు తప్ప ఇంకో మాట లేదు.

ప్రభుత్వం కూలాక పాత ఫైళ్లు చూడనిచ్చారు. ఆమె ఫైలులో మొదటి కాగితం దర్శకుడి ఉత్తరం. ఆ చప్పుడు చప్పుళ్ల మనిషి సొంతంగా పెట్టిందనీ, తనకేమీ తెలియదనీ. బొమ్మ ఆపడానికి మూడు రోజుల ముందటి తేదీ.

నకలు తీయించుకుని ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివాడు.

"వాళ్లు నిన్ను ఊరికే వదిలేశారు కదమ్మా. నువ్వు వాళ్ల మనిషివైపోయావనుకున్నాను" అన్నాడు.

"చెప్పింది నువ్వేననుకున్నా అన్నయ్యా" అంది.

లోపలినుంచి వదిన, ఎవరొచ్చారని అడిగింది. "మన చప్పుళ్లక్క. ఇంకో పళ్లెం పెట్టు" అంటూ అన్నయ్య గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.